నాలుగు మడతల యుద్ధపటం

నేను బెంగళూరు వెళ్ళింది ఒక కాగితం కోసం. పద్నాలుగున్నర అంగుళాల ఎత్తు, ఇరవై అంగుళాల వెడల్పు, మధ్యలో మూడు చిల్లులు. కొని తెచ్చుకోవాలన్నది నా ఉద్దేశం. మూడు రోజులు పట్టింది.

ఇలాంటి పటాల గురించి తెలియనివాళ్ళ కోసం కొంత చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, ఇళ్ళకు వెళ్ళిపోయే ముందు, కొన్ని సైనిక దళాలు తాము తిరిగిన దారినంతా ఒక పటంగా గీయించి, అచ్చు వేయించి, సిపాయిలకు తలా ఒకటి పంచుకున్నాయి. యుద్ధం చేయడానికి పనికొచ్చే పటాలు కావివి, జ్ఞాపకానికి ఉంచుకునేవి. ఒక ఎర్ర గీత దేశాల మీదుగా పోతుంటుంది. దాని పక్కన బొమ్మలుంటాయి: ఓడ అంచు పట్టుకుని వాంతి చేసుకుంటున్న సిపాయి, ఇసుకలో దిగబడిన లారీ, బూటులోంచి తొంగిచూసే తేలు, కూలిన వంతెన, బురదలో మొండికేసిన కంచరగాడిద. గీసినవాడు తరచుగా ఆ దళంలోని మనిషే అయి ఉంటాడు.

నా ఉద్యోగం ఫోన్లలో కనిపించే పటాలు తయారుచేసే కంపెనీలో. ఒక వీధి మూడు మీటర్లు పక్కకు జరిగినా మాకు ఫిర్యాదు వస్తుంది. ఈ యుద్ధపటాలకు స్కేలే ఉండదు. సముద్రం బొటనవేలంత ఉంటుంది, ఒక వాగు అరచేయంత ఉంటుంది. అరచేయంత ఉందంటే ఆ వాగు దగ్గర చాలా రోజులు ఇరుక్కున్నారని అర్థం. ఆరేళ్ళుగా ఇవి సేకరిస్తున్నాను. ఇప్పటికి పదకొండు ఉన్నాయి. వాటిలో మన దేశపు దళాలవి రెండే.

పాత కాగితాల గురించి మాట్లాడుకునే ఒక ఆన్‌లైన్ గుంపులో బెంగళూరు పక్కనే ఉన్న హొసకోటెకు చెందిన ఒక కాలేజీ అమ్మాయి ఫొటో పెట్టి, ఇదేమిటని అడిగింది. సైన్యంలో వంతెనలు కట్టే ఒక ఇంజనీరు కంపెనీ పటం అది. బెంగళూరులో బయలుదేరి ఇటలీ దాకా వెళ్ళింది. ఇంకో ప్రతి ఎక్కడా ఉన్నట్టు నేను వినలేదు. వాళ్ళ నాన్న మంజునాథతో ఫోన్లో మాట్లాడాను. అది ఆ అమ్మాయి ముత్తాత తెచ్చిందట, అమ్మడానికి అభ్యంతరం లేదన్నాడు. సెలవు పెట్టి రైలెక్కాను.

మొదటి రోజు, పొద్దున: బిరియాని

కె.ఆర్.పురం స్టేషన్లో దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. కిరణ్ బైకు మీద వచ్చాడు. ఇద్దరిదీ ఖమ్మమే, ఇంజనీరింగ్ కలిసి చదివాం. ఇప్పుడు హూడిలో ఉంటాడు. హూడికి తీసుకెళ్ళకుండా బైకును నేరుగా హొసకోటె వైపు తిప్పాడు. ఏమిటంటే, బిరియాని అన్నాడు.

తెల్లవారుజామున బిరియాని తినడం అక్కడి పద్ధతి. మేం వెళ్ళేసరికే వరసలో ఎనభై మంది ఉంటారు. ఆఫీసుకు వెళ్ళే బట్టల్లో కొందరు, రాత్రి పని దిగి యూనిఫారంలోనే వచ్చిన వాళ్ళు కొందరు. అరగంట నిలబడ్డాం. మా హైదరాబాదులో వాడేది పొడవు బియ్యం, ఇక్కడ జీలకర్రలా పొట్టిగా ఉండే బియ్యం. రంగు తక్కువ, మిరియం ఘాటు ఎక్కువ, మాంసం ముక్క మాత్రం పిడికిలంత. నిలబడే తినాలి. ప్లేటు మూడు వందల లోపే. పళ్ళు తోముకోక ముందు బిరియాని తినడం జీవితంలో అదే మొదటిసారి.

"వీకెండ్ మొత్తం ఒక పేపర్ కోసమా రా?" అన్నాడు కిరణ్, ఎముక పక్కన పెడుతూ. బిరియాని కోసం పాతిక కిలోమీటర్లు తిరిగే మనిషి ఆ ప్రశ్న అడగకూడదన్నాను. ఒప్పుకున్నాడు.

మొదటి రోజు, మధ్యాహ్నం: హొసకోటె

కిరణ్ ఇంట్లో స్నానం చేసి, పదకొండు గంటలకు నేనొక్కణ్ణే మళ్ళీ హొసకోటె. మంజునాథది ట్రాక్టరు విడిభాగాల దుకాణం, వెనకే ఇల్లు. వయసు యాభైకి దగ్గర. వాకిట్లోనే ఎదురొచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. ముందుగదిలో మంచం మీద వాళ్ళ నాన్న నారాయణప్ప కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. షుగరు వల్ల ఇద్దరు కళ్ళ డాక్టర్లు చేతులెత్తేశారట, చూపు పోయి తొమ్మిదేళ్ళయింది.

"ఎవురప్పా?" అన్నాడు పెద్దాయన.

"పటం సారు నాయనా, హైదరాబాదు నుంచి."

కాఫీ తాగాక, పటం చూడవచ్చా అని అడిగాను. మంజునాథ సంతోషంగా తల ఊపాడు.

"లామినేషన్‌కి ఇచ్చినా సార్, కె.ఆర్.పురంలో. సాయంత్రానికి వస్తాది. మీరు అంత దూరం నుంచి వస్తాండారు, చినిగిపోయిండేది చేతిలో పెడితే బాగుంటాదా?"

ప్లాస్టిక్ మధ్య పెట్టి వేడి రోలరులోంచి లాగితే జిగురు కరిగి కాగితం పోగుల్లోకి దిగిపోతుంది. తర్వాత ఎవరూ దాన్ని విడదీయలేరు. పాత కాగితానికి అంతకంటే పెద్ద ప్రమాదం నిప్పు ఒక్కటే. కానీ ఆ మనిషి నా మీద గౌరవంతో చేశాడు, డబ్బు కూడా తనే పెట్టుకుని. ఇవన్నీ వీలైనంత నెమ్మదిగా చెప్పాను. మంజునాథ మొహం పాలిపోయింది. దుకాణానికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు.

"నన్ను అడిగినావా నువ్వు?" అన్నాడు నారాయణప్ప.

"నీకు చూపు లేదు కదా నాయనా. అది ఎట్లుంటే ఏం?"

"చూపు లేదు. వేలు ఉండాది కదా."

భుజం మీది తువాలు తీసి ఒళ్ళో పరిచాడు. అడ్డంగా ఒక మడత, నిలువుగా మూడు మడతలు పెట్టి, గట్టిగా ఒత్తి, మళ్ళీ విప్పాడు. ఆ గీతలు నిలిచాయి. నా చేయి అడిగి తీసుకుని, నా చూపుడువేలును కుడివైపు కింది గడిలో పెట్టాడు.

"ఇది మన బెంగళూరు. ఈడ రైలు ఎక్కినారు. ఈ మడత వరకూ నేల, ఆ తట్టు సముద్రం. మడతా మడతా కలిసే కాడ చిల్లు ఉంటాది. మొదటి చిల్లు బస్రా. రెండోది కైరో. మూడో చిల్లు ఇటలీ, ఆడ ఓడ దిగినారు. ఇంక ఆ మడత పట్టుకోని పైకి పోతే అన్నీ వాగులే. మా నాయన చిన్నప్పుడు నన్ను ఒళ్ళో కూచోబెట్టుకోని ఇట్లే వేలు పట్టి తిప్పేవాడు. చూపు పోయినాక దినామూ తిప్పుకుంటాండా."

మంజునాథ ఫోను చెవి నుంచి దించాడు. నాన్న పొద్దున్నే పెట్టె తీసి కాగితం తడుముతుంటాడని తెలుసుననీ, ఏదో అలవాటనుకున్నాననీ తర్వాత దారిలో చెప్పాడు. లామినేషన్ అయితే మడతలు చదునైపోతాయి, చిల్లులు మూసుకుపోతాయి. నాకు పోయేది ఒక పటం. పెద్దాయనకు దారి మొత్తం పోతుంది.

వెంటనే బయలుదేరదామన్నాను. కానీ మంజునాథ భార్య సుజాతమ్మ అప్పటికే కంచాలు పెట్టేసింది, తినకుండా గడప దాటనివ్వలేదు. రాగిముద్ద, ఆకుకూరతో కాచిన పలుచని సారు. మా వైపు ముద్ద తినే అలవాటు లేదు. నేను నములుతుంటే ఆమె నవ్వాపుకోలేకపోయింది. "నమలగూడదప్పా, మింగల్ల," అని చేసి చూపించింది. తెల్లవారుజామున తిన్న బిరియాని కడుపులో ఇంకా అలాగే ఉంది. ఒక ముద్ద మింగడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో మంజునాథ ఇంకో నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

మొదటి రోజు, మూడు గంటలు: కె.ఆర్.పురం

వేలాడే వంతెన దాటాక, జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటో, ఆధార్ కార్డు అన్నీ చేసే చిన్న దుకాణం. మంజునాథ బైకు ఆగక ముందే దిగబోయి బోర్లా పడ్డాను. మోచేయి గీరుకుపోయింది.

దుకాణంలో చీకటిగా ఉంది. యజమాని గడప మీద కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు. రెండు గంటలుగా కరెంటు లేదట. ఫోనులో చార్జింగ్ కూడా అయిపోయిందట. కరెంటు పోయినందుకు నేను సంతోషించడం అదే మొదటిసారి.

పటం బల్ల మీద ఉంది, ప్లాస్టిక్ సంచిలో దూర్చి సిద్ధంగా. బయటికి తీసి విప్పాను. ఫొటోలో కంటే రంగులు బాగున్నాయి, ముఖ్యంగా ఎర్ర గీత. మూడు చిల్లులూ పెద్దాయన చెప్పిన చోటే ఉన్నాయి. కింది అంచు మాత్రం లేదు.

"రోలరు పదమూడు ఇంచులే సార్," అన్నాడు దుకాణదారు. "ఇది పద్నాలుగున్నర వచ్చింది. కింద సుమ్నే, ఊరికే బొమ్మలూ అచ్చాఫీసు పేరే కదా ఉండేది. స్వల్ప కట్ చేసినా."

కత్తిరించిన ముక్క ఎక్కడుందని అడిగాను. బల్ల కింద అట్టపెట్టె చూపించాడు. మంజునాథా నేనూ మోకాళ్ళ మీద కూర్చుని ఫోను వెలుతురులో వెతికాం. కార్డుల అంచులు, ఫొటోల్లో కత్తిరించిన భుజాలు, ఎవరిదో సగం సంతకం. అన్నిటి కింద చుట్టుకుపోయి దొరికింది. ఒక కొసన నాలుగు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు, రెండో కొసన మూడు సెంటీమీటర్ల తొమ్మిది. వంకరగా కోశాడు. సేకరించేవాళ్ళ లెక్కలో అంచు తెగిన పటం విలువ సగానికి పడిపోతుంది. అది నా మొహంలో కనిపించి ఉండాలి.

"తీసుకోని పోండి సార్," అన్నాడు మంజునాథ, బయటికొచ్చాక. "మీరు ఏమిస్తే అది. ఇప్పుడే తీసుకోండి. మా నాయనకు నేను చెప్పుకుంటా."

నిజం చెప్పాలంటే అవును అనబోయాను. అంచు తెగినా ఇంకో ప్రతి లేదు. పైగా ముక్క కూడా చేతిలోనే ఉంది. కానీ పెద్దాయన వేలు ఇందాకే నా వేలిని బస్రా మీదా కైరో మీదా పెట్టింది. ముందు దీన్ని బాగు చేయిద్దాం, తర్వాత మీ నాన్ననే అడుగుదాం, ఆయన ఇస్తానంటే తీసుకుంటాను అన్నాను. మంజునాథ సరేనన్నాడు. తనైతే అడగలేడట, నన్నే అడగమన్నాడు.

రెండో రోజు: అవెన్యూ రోడ్డు

పొద్దున కిరణ్ భోజనాల బల్ల మీద పటాన్ని నాలుగు భాగాలుగా ఫొటో తీశాను. కింది ముక్కలో నాకు కావలసింది అచ్చువేసిన చోటు. రోమ్ అని ఉంది. రాసుకుని, ముక్కను రెండు అట్టల మధ్య పెట్టేశాను.

అవెన్యూ రోడ్డు పాత పుస్తకాలకు పేరు. హైదరాబాదు కోఠీలో లాగే కాలిబాట మీద గుట్టలు, కానీ ఇక్కడ బేరం మూడు భాషల్లో జరుగుతుంది. కన్నడంలో మొదలవుతుంది, తమిళంలో కోపం వస్తుంది, తెలుగులో తేలుతుంది. ఒక సందులో మెట్లెక్కితే బాషా గారి బైండింగు గది. హిందూపురం మనిషి, కోర్టు దస్తావేజులు, పాత ఖురాన్లు, లెక్కల పుస్తకాలు కుడతాడు. కిరణ్ వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్పారు.

పటం వెనక పలుచని గుడ్డ అంటించడం పాత పద్ధతి. వెనకటి సర్వే పటాలన్నీ అలా చేసేవారు. కాగితం బతుకుతుంది, మడతపెట్టుకోవచ్చు కూడా. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురు. వేడి అక్కర్లేదు, ప్లాస్టిక్ అక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు నీళ్ళతో విడదీయవచ్చు.

బాషా గారు పటాన్ని వెలుతురుకు పట్టుకుని చూశారు. "మడతలు తీసేస్తాను, చిల్లులకు కాగితం పెట్టి రంగు వేస్తాను. కొత్తదానిలాగా అవుతాది," అన్నారు.

మడతలు ఉండాలి, చిల్లులు పూడ్చకూడదు అన్నాను. నలభై ఏళ్ళలో అలా అడిగినవాళ్ళు లేరట. కారణం చెప్పాను. తర్వాత గుడ్డ మార్చారు, కొంచెం గరుకు నేత ఉన్నది తీశారు. చిల్లులోంచి వేలికి గుడ్డ తగిలితే ఇంకా బాగా తెలుస్తుందని.

కాగితాన్ని తడిపి, జిగురు రాసిన గుడ్డ మీదికి దించి, కొమ్ముబద్దతో మధ్యలోంచి అంచులకు తోసుకుంటూ పోయారు. చివర్న కింది ముక్క. వంకర కోత వల్ల అంచుకు అంచు కుదరలేదు. గుడ్డ కనపడే సందు వదలడం కంటే ఒక దారమంత మేర ముక్కను పైకి ఎక్కించి అంటించారు. అతుకు దగ్గర సన్నని గట్టు లేచింది. దాన్ని చూసి నాకు బాధ కలిగింది. బాషా గారికి కూడా నచ్చలేదు. "కోసినోడు కొంచెం నేరుగా కోసింటే," అని ఊరుకున్నారు.

రాత్రంతా బరువుల కింద ఆరాలన్నారు. కింద వీధిలో పదిహేను రూపాయల కాఫీ తాగాం. డబ్బులు ఆయన ఇవ్వనివ్వలేదు. బైండింగుకు తీసుకున్నది కూడా నేను అనుకున్నదానిలో సగం.

మూడో రోజు: మళ్ళీ హొసకోటె

ఆదివారం. పటం ఆరి, పాత మడతల మీదే మళ్ళీ మడతపడి, కొత్త అట్ట సంచిలో వచ్చింది. హొసకోటెకు వెళ్తూ దారంతా ఎలా అడగాలో మనసులో వాక్యాలు కూర్చుకున్నాను. మీకు గుడ్డ మీద ఇంకో పటం చేయించి ఇస్తాను, మడతలు ఇలాగే పెట్టిస్తాను, అసలుది నాకివ్వండి. న్యాయమైన మాటే అనిపించింది.

నారాయణప్ప చేతులు కడుక్కుని, తుడుచుకుని, మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. ఒళ్ళో పటం పరిచాను. మంజునాథ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సుజాతమ్మ వంటింటి గడపలో ఆగింది.

వేలు కుడివైపు కింది గడిలో మొదలైంది. మడత. సముద్రం. మొదటి చిల్లు దగ్గర ఆగి, గోటితో గీరాడు. "గుడ్డ," అన్నాడు. "బాగుండాది. బస్రా గట్టిపడింది." రెండో చిల్లు. మూడో చిల్లు. మడత పట్టుకుని వాగుల మీదుగా పైకి వెళ్ళి, మెల్లగా కిందికి దిగాడు. ఇప్పుడే అడగాలనుకుని గొంతు సవరించుకున్నాను. వేలు కింది అంచు దగ్గర ఆగిపోయింది.

"ఇదేంది? ఈడ మడత లేదే."

కత్తిరించిన సంగతి అంతవరకూ ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను. మంజునాథ తల దించుకున్నాడు. పెద్దాయన ఆ గట్టు వెంట ఎడమ నుంచి కుడికి వేలు పోనిచ్చాడు, మళ్ళీ వెనక్కి తెచ్చాడు.

"ఈడ ఏముండాది? చూపు ఉన్నప్పుడు కింద ఏవో సన్న బొమ్మలు ఉండేవి. నేను దేశాలే చూసుకుంటాంటి."

నాకూ తెలియదు. అచ్చాఫీసు పేరు చూసి ఆగిపోయాను. భూతద్దం తీశాను. ఏడుగురు మనుషులు వరసగా, ఒక్కొక్కరూ గోరంత. కింద ఇంగ్లీషు అక్షరాలతో హిందుస్తానీ మాటలు. అప్పట్లో సైన్యంలో అలా రాసేవారు. మంజునాథ అవి ఇటలీ భాష అనుకున్నాడట. కంపెనీలోని పనివాళ్ళ వరస అది. ఒక్కొక్కటీ చదివి చెబుతూ పోయాను. డ్రైవరు చక్రం విప్పుతున్నాడు. మేస్త్రీ రాయి మోస్తున్నాడు. వడ్రంగి దుంగ కోస్తున్నాడు. నాలుగోదాని దగ్గర నేను ఆగేసరికి పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"నాలుగోది ఎవురు?"

"లోహార్ అని ఉంది తాతా. కమ్మరి."

పెద్దాయన నాన్న మునెప్ప ఆ కంపెనీలో చేసిన పని కమ్మరమేనని మంజునాథ మెల్లగా చెప్పాడు. ఎంతమంది కమ్మరులుండేవారని అడిగాను. "ఒగడే," అన్నాడు పెద్దాయన. "మా నాయన ఒగడే." ఆయన వేలిని తీసి నాలుగో బొమ్మ మీద, గట్టు కింద పెట్టాను.

"ఏం చేస్తాండాడు?"

నేను రెండోసారి చూసుకున్నాను. మిగిలిన ఆరుగురూ ఏదో ఒక పని చేస్తున్నారు.

"నిద్రపోతున్నాడు."

"ఏమన్నావ్?"

"కొలిమికి ఆనుకుని నిద్రపోతున్నాడు తాతా. టోపీ మొహం మీద పెట్టుకున్నాడు. పక్కన సుత్తి పడి ఉంది."

పెద్దాయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని మంజునాథ ముందుకు వచ్చాడు. నవ్వుతున్నాడు. నవ్వు ఆగక దగ్గు వచ్చింది, సుజాతమ్మ నీళ్ళు తెచ్చింది.

"మా యమ్మకు ఏం చెప్పేవాడో తెలుసునా? ఇటలీలో మూడు నెలలు కన్ను మూయలేదంట. ఈయన మేకు కొట్టకపోతే ఒగ వంతెనా నిలబడేది కాదంట. మేం పొద్దెక్కి లేస్తే ఆ కథ చెప్పి తిట్టేవాడు."

"నన్ను కూడా అదే చెప్పి తిట్టినావు కదా నాయనా నువ్వు," అన్నాడు మంజునాథ.

"తిట్టినా. నాకేం తెలుసు?"

నవ్వు సద్దుమణిగాక అడిగాను. కూర్చుకున్న వాక్యాలన్నీ వరసగా చెప్పాను. గుడ్డ పటం ఇంకోటి చేయిస్తానన్నాను. ఆయన చివరిదాకా విన్నాడు. వేలు నాలుగో బొమ్మ మీది నుంచి తీయలేదు.

"వద్దప్పా," అన్నాడు. "డెబ్బై ఏండ్లు అబద్ధం చెప్పి తప్పించుకున్నోడు, ఇప్పుడే దొరికినాడు. ఎట్ల ఇడిసిపెట్టేది?"

భూతద్దం సంచిలో పెట్టుకోబోతుంటే మళ్ళీ పిలిచాడు.

"ఉండప్పా, సరిగా చూసి చెప్పు. కాళ్ళు ముడుచుకోనుండాడా, చాపుకోనుండాడా?"

మళ్ళీ వంగి చూశాను. బాగా చాపుకుని ఉన్నాడు. బూట్లు కూడా విప్పేశాడు.